పుల్కేన్‌కు ఒక రోజు బాకీ

పుల్కేన్, చిలొయే ద్వీపం
ఏప్రిల్ నెల

చెల్లీ ఎదెల్మిరా,

నువ్వు పంపిన పత్రిక అందింది. పార్లమెంటులో మాట్లాడుతున్న నీ ఫోటో చూసి మీ వదిన ఒర్ఫెలినా, "ఈవిడ మాట్లాడుతోందా, పన్ను పీకించుకుంటోందా?" అని అడిగింది. ఏం చెప్పమంటావు? నాటకాలాడించే రోజుల్లో నీ ఫోటో ఏది చూసినా నోరంతా నవ్వే. ఆ బల్లల వెనక కూర్చోవడం మొదలెట్టాక మొహం అట్టముక్కలా అయిపోయింది. వేళకి తింటున్నావా, లేక కాఫీ మీదే బతుకుతున్నావా?

ఇక్కడి సంగతి ఏమంత బాగాలేదు. కొండ మీద వాన నీటిని పట్టి ఉంచే నాచు నేల నుంచి మన పెరట్లోకి దిగే ఊట ఈ వేసవి చివర, మార్చిలో, చిటికెన వేలంత అయిపోయింది. కిందివాళ్ళ బావుల్లో బురదే మిగిలింది. వానలు మొదలయ్యాక కాస్త తేరుకుంది. అవతలి కొండ మీద నాచంతా పీకేసుకున్న ఊళ్ళకి మాత్రం వానాకాలంలో కూడా ట్యాంకరు వస్తోంది. ఎప్పుడూ గొడుగు మడవని ఈ ద్వీపంలో నీళ్ళ కోసం బకెట్లు పట్టుకుని నిలబడటం చూస్తే నవ్వాలో ఏడవాలో తెలీదు.

నాచు కంపెనీ తరఫున కొనే నెస్తోర్ మన ఊరిని వదలడం లేదు. ఎండబెట్టి బస్తాలకెత్తితే ఓడలెక్కి పోయి ఎక్కడో దొరల పూలకుండీల్లో పడుతుందట. ఎలియోదోరో గుర్తున్నాడుగా, నీ మొదటి నాటకంలో ముసలాడి వేషం కట్టినవాడు? ఊట పుట్టే చోటంతా వాడి భూమే. పడవ ఇంజను చచ్చిపోయి, వేటకి పోలేక ఒడ్డున కూర్చున్నాడు. అయినా నెస్తోర్‌తో, "ఎదెల్మిరా నాచు పీకకుండా చట్టం తెస్తానంది. తెచ్చేదాకా చూస్తాను," అన్నాడట. వాడి మాట మీదే మిగతా ఊరంతా ఆగి ఉంది. ఎన్నాళ్ళు ఆగుతాడో నేను చెప్పలేను.

నీ చట్టం ఎక్కడిదాకా వచ్చిందో రాయి.

నీ అన్న
బౌదీలియో


వాల్పరాయిసో
మే నెల

అన్నయ్యా,

వేళకే తింటున్నాను. పన్ను కూడా బాగానే ఉందని వదినకి చెప్పు.

చట్టం కమిటీలో ఉంది. కమిటీ అంటే ఏమిటో నీకెలా చెప్పను? నా నాటకంలో ఏ పాత్రకైనా చెప్పడానికి మాట లేకపోతే దాన్ని కొట్టేసేదాన్ని. ఇక్కడ చెప్పడానికి ఏమీ లేనివాళ్ళే గంటలు గంటలు మాట్లాడతారు. నా బిల్లు వంతు వచ్చేసరికి అందరికీ బస్సులూ విమానాలూ గుర్తొస్తాయి. అధ్యక్షుడు కళ్ళజోడు మడిచి, "వచ్చే వారం చూద్దాం, మేడమ్," అంటాడు. ఆ వచ్చే వారం మూడేళ్ళుగా వస్తూనే ఉంది.

డిసెంబరులో మళ్ళీ ఎన్నికలు. నేను ఓడిపోతే ఆ బిల్లు అటకెక్కుతుంది. దాన్ని పట్టించుకునే మనిషి ఈ భవనంలో ఇంకొకరు లేరు. గొప్పకి చెప్పడం లేదు అన్నయ్యా, భయమేసి చెబుతున్నాను.

నిన్న నీ ఉత్తరం చదివాక సైనికుల పాలన రోజుల్లో మన పడవల కొట్టంలో ఆడిన ఆ మొదటి నాటకం గుర్తొచ్చి ఒక్కదాన్నే నవ్వుకున్నాను. ఎలియోదోరో ఇంకో నటుడి వైపు తిరిగి, "రేపు నా ఇంటిని దుంగల మీద అవతలికి జరపాలి, ఒక రోజు ఇస్తావా?" అనాలి. వాడేమో కంగారులో జనం వైపు తిరిగి అడిగేశాడు. కొట్టమంతా లేచి "సరే" అంది. తెల్లారి చూస్తే ఎడ్లూ తాళ్ళూ దుంగలూ పట్టుకుని ఊరు ఊరంతా కొట్టం ముందు నిలబడి ఉంది, ఇల్లెక్కడ అని! పనికి వచ్చినవాళ్ళని ఊరికే పంపకూడదని నువ్వు మన కోళ్ళగూటిని దుంగల మీద ఎక్కించి అటు నుంచి ఇటు లాగించావు. ఆ తర్వాత గొర్రెని కోసి అందరికీ భోజనం పెట్టావు.

నాటకాలు వదిలేసి రాజకీయాల్లోకి ఎందుకొచ్చావని పత్రికలవాళ్ళు అడిగితే నేనేదో పెద్ద మాటలు చెబుతాను. నిజానికి ఆ కోళ్ళగూడే కారణం. అడిగితే వచ్చే జనం ఉన్నప్పుడు వేషాల దగ్గరే ఎందుకు ఆగాలి అనిపించింది.

ఈసారి మైకులూ పోస్టర్లూ వద్దు. అక్టోబరులో వచ్చి మన పద్ధతిలోనే గడప గడపకీ వెళ్ళి అడుగుతాను.

నీ
ఎదెల్మిరా


పుల్కేన్
అక్టోబరు నెల

ఎదెల్మిరా,

కోపంతో రాస్తున్నాను. అక్షరాలు వంకర పోతే కారణం అదే.

వచ్చావు. అమ్మలాగా శాలువా కప్పుకున్నావు. ఒక్క గడప వదలకుండా ఎక్కి, టోపీ తీసినవాళ్ళతోనూ తీయనివాళ్ళతోనూ, "డిసెంబరులో ఒక రోజు నాకివ్వాలి," అన్నావు. అందరూ సరే అన్నారు. నీ వెంట నడుస్తుంటే నాకు ఛాతీ ఉబ్బిపోయింది. ఆ సాయంత్రమే పడవెక్కి చక్కా పోయావు.

మర్చిపోయావా, లేక పెద్దదానివయ్యాక మనకివన్నీ ఎందుకనుకున్నావా? బదులు పనికి పిలిచిన మనిషి ఆ రోజు భోజనం పెట్టాలి. వచ్చిన ప్రతివాడికీ ఒక రోజు బాకీ పడాలి, వాడు పిలిచినప్పుడు పోవాలి. గడప ఎక్కి అడిగినవాళ్ళని కాదనకూడదని వాళ్ళకెంత కట్టడి ఉందో, పెట్టాలని నీకూ అంతే ఉంది. డిసెంబరులో పోలింగు బడి దగ్గర. చుట్టుపక్కల కొండల వాళ్ళంతా నడిచి వస్తారు, సగం రోజు దారి కొందరికి. పొయ్యి ఎక్కడ పెడుతున్నారని ఆడవాళ్ళు మీ వదినని అడుగుతున్నారు. అది నా వైపు చూస్తోంది. నేను సముద్రం వైపు చూస్తున్నాను.

ఏర్పాటేమిటో వెంటనే రాయి. పిలిచి పెట్టకపోతే ఈ ఊళ్ళో నేను ఎవరి మొహం చూడను?

బౌదీలియో


వాల్పరాయిసో
నవంబరు నెల

అన్నయ్యా,

తొందరలో ఉన్నాను, రెండు ముక్కలే రాస్తాను. ఈసారికి భోజనం సంగతి వదిలెయ్. ఎన్నికలయ్యాక నేనే వచ్చి, మన ఊరు ఎప్పుడూ చూడనంత పెద్ద విందు చేస్తాను. ఎందుకన్నది ఉత్తరంలో రాయలేను, ఎదురుగా చెబుతాను. నీకు కోపం వస్తుందని తెలుసు. వచ్చినా సరే, నా మాట నమ్ము.

పోటీ గట్టిగా ఉంది. మన కొండల మీది ఓట్లే నన్ను గట్టెక్కించాలి.

ఎదెల్మిరా


పుల్కేన్
డిసెంబరు నెల

నా బంగారు చెల్లీ,

గెలిచావు! రేడియోలో నీ పేరు విని మీ వదిన గిన్నె వదిలేసింది. కొద్ది ఓట్లతో అయితేనేం, గెలుపు గెలుపే. ఆ కాస్తా మన కొండల మీంచి వచ్చిందే అని కాస్ట్రో పట్నం నుంచి వచ్చినవాళ్ళు కూడా ఒప్పుకున్నారు.

ఇప్పుడు నీ పరువు ఎలా నిలబెట్టానో విను. నువ్వు వదిలెయ్ అన్నావు. చేతిలో డబ్బు ఆడలేదు కాబోలు, అన్నతో చెప్పుకోవడానికి సిగ్గుపడింది అనుకున్నాను. నేనున్నది ఎందుకు మరి? బడి పక్క మైదానంలో పెద్ద గుంట తవ్వించి, రాళ్ళు ఎర్రగా కాల్చి, సముద్రపు గుల్లలూ పొగబెట్టిన పంది మాంసమూ బంగాళాదుంప రొట్టెలూ దొంతర్లుగా పేర్చి ఆకులు కప్పాం. రెండు గొర్రెలు కోశాం. మన తోట ఆపిల్ కల్లు పీపా బయటికి తీశాం. ఓటేసి వచ్చినవాళ్ళని వచ్చినట్టే కూర్చోబెట్టి, "ఇది ఎదెల్మిరా భోజనం, కడుపు నిండా తినండి," అని ఒక్కొక్కరికీ నేనే చెప్పాను. ఎలియోదోరో నీ పాత నాటకంలో మాటలు చెప్పి అందరినీ నవ్వించాడు. ముసలమ్మలు నిన్ను దీవించారు.

ఇంకో తమాషా. నెస్తోర్ కూడా వచ్చాడు. వాణ్ణి పొమ్మనలేను కదా, భోజనం దగ్గర. రెండుసార్లు పెట్టించుకుని తిన్నాడు. గుంటకీ జనానికీ నాకూ ఫోటోలు కూడా తీశాడు. చాలా బాగుందన్నాడు.

నీ రుణం సగం తీరింది. ఇక వాళ్ళు పిలిచినప్పుడు ఒక్కో రోజు పనికి రావడమే నీ వంతు. మంత్రివైనా సరే, బూట్లు తొడుక్కుని రావాల్సిందే.

నీ అన్న
బౌదీలియో


వాల్పరాయిసో
జనవరి నెల

అన్నయ్యా,

నెస్తోర్ తీసిన ఫోటోలు నా ముందున్నాయి. కోర్టు పంపింది. ఒకదాంట్లో నువ్వు నవ్వుతూ ఎవరికో కల్లు పోస్తున్నావు. ఎంత సంతోషంగా ఉన్నావో చూసి నాకు ఏడుపు ఆగలేదు.

ఓటేసినవాళ్ళకి తిండి పెట్టడం చట్టం ప్రకారం లంచం. ఒక్క కప్పు టీ పోసినా లంచమే. అక్టోబరులో మీ దగ్గరికి వచ్చే ముందే మా వకీలు, సోతోమయోర్ అని, నాకీ మాట మరీ మరీ చెప్పాడు. నీకు రాయలేదు. మన అమ్మ చేతి భోజనాన్ని లంచం అంటారన్న మాట నీకు రాయడానికి చేయి రాలేదు. చదువుకుని, ఊరొదిలి, చివరికి మన వాళ్ళ పద్ధతిని నేరమనే సభలో కూర్చున్నానని నీకు చెప్పుకోవడానికి సిగ్గేసింది. ఆ సిగ్గే ఇప్పుడు కొంప ముంచింది.

ఓడిపోయినవాళ్ళు కేసు వేశారు. పుల్కేన్ పెట్టెల్లోని ఓట్లన్నీ కొట్టేయమంటున్నారు. కొట్టేస్తే నేను ఓడినట్టే. బిల్లు పోయినట్టే.

ఒక్క దారి ఉంది. ఫిబ్రవరిలో నిన్ను కాస్ట్రోలో సాక్ష్యానికి పిలుస్తారు. ఆ విందు ఎన్నికలది కాదని చెప్పు. వదిన పేరు పండగ, తన పేరున్న పునీతురాలి రోజు అని చెప్పు, నీ మొక్కు అని చెప్పు, ఏదైనా చెప్పు. ఎదెల్మిరాకీ దానికీ సంబంధం లేదు అంటే చాలట. నీకూ శిక్ష ఉండదు. జన్మలో అబద్ధమాడని నిన్ను అడుగుతున్నాను. నా కోసం కాదు. ఆ నీళ్ళ కోసం. నీ కాళ్ళు పట్టుకుంటాను.

ఎదెల్మిరా


కాస్ట్రో, సత్రం
ఫిబ్రవరి నెల

చెల్లీ,

సాక్ష్యం అయిపోయింది. ఇంకొకరు చెప్పేలోపు నేనే రాస్తున్నాను.

నువ్వు చెప్పమన్నది దారంతా పడవలో వల్లె వేశాను. ఒర్ఫెలినా పేరు పండగ, ఒర్ఫెలినా పేరు పండగ. గదిలోకి వెళ్ళేసరికి వెనక బెంచీలన్నీ మన ఊరివాళ్ళే. ఎలియోదోరో పెళ్ళికి కుట్టించుకున్న కోటు వేసుకొచ్చాడు. నాకు తోడుగా ఉందామని పనులు మానుకుని వచ్చారు పాపం. జడ్జి కుర్రవాడు, మర్యాదస్తుడు. నన్ను కూర్చోమని, నెమ్మదిగా అడిగాడు.

"ఆ భోజనం ఎవరిది?"

నేను వెనక్కి తిరిగి చూశాను. వాళ్ళంతా నా నోటి వంకే చూస్తున్నారు. సగం రోజు కొండలు దిగి నీ కోసం వచ్చినవాళ్ళు. అది నీ భోజనం కాదంటే ఏమవుతుంది? నువ్వు పిలిచి, పని చేయించుకుని, ఏమీ పెట్టకుండా పోయినట్టు. వాళ్ళు పిలవని పేరంటానికి వచ్చి తిన్నట్టు. వాళ్ళ ముందు నిన్ను అలా నిలబెట్టలేకపోయాను.

"మా చెల్లెలిది," అన్నాను. "తను అడిగింది, వాళ్ళు వచ్చారు, మేం పెట్టాం."

వెనక అందరూ ఒక్కసారిగా ఊపిరి వదిలిన చప్పుడు వినిపించింది. ముందు కూర్చున్న మీ వకీలు సోతోమయోర్ చేతుల్లో మొహం దాచుకున్నాడు. నాకు తెలుసు. తెలిసే చెప్పాను. కుర్చీ పోతే నాలుగేళ్ళకి మళ్ళీ తెచ్చుకోవచ్చు అనుకున్నాను. ఊరి ముందు పరువు పోతే మళ్ళీ రాదు కదా. నన్నేమీ చేయలేదు. పాత కాలపు మనిషి, లోకం తెలియదు అని రాసి వదిలేశారు.

నన్ను తిట్టు. కానీ ఉత్తరం మానకు.

బౌదీలియో


వాల్పరాయిసో
మార్చి నెల

అన్నయ్యా,

తీర్పు వచ్చింది. మన ఊరి ఓట్లన్నీ కొట్టేశారు. నిన్న గది ఖాళీ చేశాను. బిల్లు కాగితాలు ఏం చేయాలని గుమాస్తాని అడిగితే, పాతవి పెట్టే గది చూపించాడు. తాళం వేసేటప్పుడు, ఇవన్నీ మళ్ళీ ఎవరైనా తీస్తారా అని అడిగాను. తనొచ్చినప్పటి నుంచీ చూడలేదన్నాడు. మంచివాడే, అబద్ధం చెప్పలేదు.

నాలుగేళ్ళకి కుర్చీ మళ్ళీ వస్తుందన్నావు. రావచ్చు. ఒక జాన నాచు పెరగడానికి మన తాతల కాలం చాలదు. నాలుగేళ్ళకి ఏ నేలని కాపాడమంటావు?

నువ్వు చేసింది తప్పని అనలేను. నీ చోట నేనుంటే ఏం చేసేదాన్నో కూడా తెలియదు. అయినా నీ మీద కోపంగా ఉంది, చాలా కోపంగా ఉంది, దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు. నాటకం రాద్దామని కూర్చున్నాను. నోరు తెరిచిన పాత్ర ప్రతిదీ కమిటీ అధ్యక్షుడిలా మాట్లాడుతోంది. చింపేశాను. అదీ పోయింది నా చేతిలోంచి.

కొన్నాళ్ళు నాకు రాయకు.

ఎదెల్మిరా


పుల్కేన్
అక్టోబరు నెల

చెల్లీ,

రాయొద్దన్నావు, శీతాకాలమంతా రాయలేదు. ఇప్పుడు రాయక తప్పడం లేదు.

ఎలియోదోరో శీతాకాలం చివరిదాకా ఆగాడు. అది మాత్రం నువ్వు తెలుసుకోవాలి. పిల్లకి జబ్బు చేసి, పడవ ఒడ్డునే కుళ్ళి, చివరికి కంపెనీ కాగితం మీద సంతకం చేశాడు. వాడి వెనకే మిగతావాళ్ళూ చేశారు. నేనొక్కణ్ణే చేయలేదు. ఊట వాడి భూమిలో పుడుతుంటే నేను చేయకపోతే ఎంత, చేస్తే ఎంత? ఎండలు ముదిరేలోపు నాచు పీకి ఆరబెట్టాలట. ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. అందుకని వాడు బదులు పనికి పిలుస్తూ గడప గడపా ఎక్కుతున్నాడు.

మన గడప కూడా ఎక్కాడు. టోపీ చేతిలో పట్టుకుని చాలాసేపు గాలివానల గురించి మాట్లాడాడు. తర్వాత, "బౌదీలియో, నీ ఒక రోజు కావాలి," అన్నాడు. సరే అన్నాను. ఇంకేమనను? వాడు నాకు ఎన్ని రోజులు ఇచ్చాడో నీకు తెలుసు.

పోతాడనుకుంటే పోలేదు.

"ఎదెల్మిరా నాకు ఒక రోజు బాకీ," అన్నాడు. "ఆమె పిలిస్తే వచ్చాను, ఆమె భోజనం తిన్నాను. ఇప్పుడు అడగాలా వద్దా అని వారం రోజులు నిద్ర పట్టలేదు. అడిగితే ఆమె గుండె పగులుతుంది. అందరినీ అడిగి ఆమెని అడక్కపోతే, ఆమె మన మనిషి కాదని చెప్పినట్టు. అది నేను చేయలేను."

ఆమె బదులు నేను రెండు రోజులు చేస్తానన్నాను. ఎవరి రోజు వాళ్ళదే అన్నాడు, వాడన్నదీ నిజమే. వాడి కళ్ళల్లో నీళ్ళున్నాయి. నా కళ్ళల్లోనూ ఉన్నాయి. మీ వదిన మా ఇద్దరికీ టీ పెట్టింది.

నువ్వు పోరాడిన నేల మీదికి, దాన్ని పీకడానికే నిన్ను ఎలా రమ్మనను? ఒక్క మాట రాయి. జబ్బు పడిందని చెబుతాను, విదేశాలకి పోయిందని చెబుతాను. అప్పుడు కోర్టులో చెప్పలేకపోయిన అబద్ధం ఇప్పుడు చెబుతాను. నీ కోసం ఎవరి ముందైనా తల దించుకుంటాను.

నీ అన్న
బౌదీలియో


వాల్పరాయిసో
అక్టోబరు నెల

అన్నయ్యా,

అబద్ధం వద్దు. వస్తున్నాను.

ఉత్తరం చదివి రెండు రోజులు గది దాటలేదు. మొదట నిన్ను తిట్టాను, తర్వాత ఎలియోదోరోని, ఆ తర్వాత పెళ్ళికోటు వేసుకుని కోర్టుకొచ్చిన మన ఊరంతటినీ. తిట్టడానికి ఇంకెవరూ మిగల్లేదు. ఈ దేశంలో నన్ను ఇప్పుడు ఏ పనికైనా పిలిచిన మనిషి వాడొక్కడే. పార్టీ పిలవలేదు, నాటకాలవాళ్ళు పిలవలేదు. వాడి గడప ఎక్కి నేను అడిగినప్పుడు, అది వాడికి నష్టమని తెలిసీ సరే అన్నాడు. నేను ఇప్పుడు వేరే మాట ఎలా అంటాను?

అక్కడికొచ్చి ఉపన్యాసం ఇస్తానేమోనని భయపడొద్దని వాడికి చెప్పు. ఎక్కడ నిలబడి పీకమంటే అక్కడ పీకుతాను. ఊట పక్కనే అయినా సరే. పని సగంలో వదలను, ఏడ్చినా వంగే ఏడుస్తాను. దీనివల్ల ఏదో మంచి జరుగుతుందని నేను అనుకోవడం లేదు. ఏమీ జరగదు. వచ్చే వేసవికి మీ వాకిట్లోకి కూడా ట్యాంకరు వస్తుంది.

వదిన బూట్లు నాకు సరిపోతాయి, తీసి ఉంచమను. గురువారం పడవకి దిగుతాను.

పనయ్యాక వాడు భోజనం పెడతాడు కదా. నేను తింటానా తిననా అని అందరూ నా వైపే చూస్తారు. అందరి మధ్యా కూర్చుని, వాడు పెట్టినంతా తింటాను. తినకపోతే వాడికి తలవంపు.

నీ చెల్లెలు
ఎదెల్మిరా